మోకాళ్ల మెట్టు దాకా

తెల్లవారుజాము. అలిపిరి పాదాల మండపం దాటి మెట్లెక్కుతున్నారు మీరు. మొత్తం 3,550. పక్కనే ఒక అవ్వ మెట్టు మెట్టుకీ వంగి పసుపు పూసి, కుంకుమ పెడుతోంది. వంగినప్పుడల్లా మోకాలు కిర్రుమంటోంది. గోవిందనామం మాత్రం ఆగడం లేదు.

తలయేరు గుండు దగ్గర జనం నిలబడ్డారు. ఈ బండకు తల, మోకాళ్లు ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మకం. తరతరాల తాకిడికి రాయి గుంటలు పడింది. మీరూ మోకాలు ఆనించండి. చల్లగా తగులుతుంది. ఆ చర్మం లోపల, ఎముక కొసన, కొద్ది మిల్లీమీటర్ల మందాన తెల్లగా, నున్నగా మృదులాస్థి ఉంది. దానికి రక్తనాళం లేదు, నరం లేదు. ముప్పాతిక వంతు దాకా నీళ్లే. మెట్టెక్కినప్పుడల్లా ఒంటి బరువుకు సుమారు మూడింతలు మీద పడుతున్నా అది నలగదేం?

నానుతున్న శనగల్ని గుడ్డలో బిగించి కట్టి చూడండి. అవి ఇంకా ఉబ్బాలని చూస్తాయి, గుడ్డ ఉబ్బనివ్వదు. మూట గట్టిపడుతుంది. మృదులాస్థిలో ఉబ్బేది అగ్రికాన్ అనే ప్రోటీన్. దానికి అంటుకున్న చక్కెర గొలుసుల మీది రుణావేశం నీటిని లాగి పట్టుకుంటుంది. బిగించే గుడ్డ రెండో రకం కొల్లాజెన్. మూడు పోగులు మెలిపడిన కొల్లాజెన్ నిర్మాణాన్ని 1954లో, మన పొరుగునే ఉన్న మద్రాసులో, జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు.

అడుగు పడితే కాస్త నీరు బయటికి పోతుంది, కాలు లేస్తే తిరిగి చేరుతుంది. రక్తం అందని కణాలకు ఆహారం చేరడానికి ఈ రాకపోకలు సాయపడతాయి. నడకను మోకాలికి శత్రువుగా చూడకండి.

గాలిగోపురం. అవ్వ కూలబడి మోకాలు రుద్దుకుంటోంది. "పీకతా ఉండాయి నాయినా." ఆ కీలులో ఎంజైములు ముందు అగ్రికాన్‌ను కోశాయి, తర్వాత కొల్లాజెన్‌ను. అగ్రికాన్‌ను కణాలు కొంత మళ్లీ తయారుచేసుకోగలవు. వయసులో నేసిన కొల్లాజెన్ వల మాత్రం మళ్లీ నేయడం దాదాపు జరగదు. గుడ్డ చిరిగితే నీరు ఎక్కువై మృదులాస్థి మెత్తబడుతుంది, పీచులు లేస్తుంది. నరం లేదు కనుక మూలగదు. నొప్పి పుట్టేది కింది ఎముకలోంచి, వాచిన కీలు పొరలోంచి. అది తెలిసేసరికి లోపల చాలా పోయి ఉంటుంది. నన్ను భయపెట్టేది ఈ మౌనమే. డబ్బాల్లో అమ్మే కొల్లాజెన్ పొడి కడుపులో చిన్న ముక్కలుగా అరిగిపోతుంది. నేరుగా వెళ్లి ఆ చిరుగుకు అతుకు వేయదు.

జింకల పార్కు, నరసింహస్వామి గుడి దాటారు. ఇదిగో మోకాళ్ల మెట్టు, నిట్టనిలువుగా. రామానుజులు కొండ మీద పాదం మోపకుండా మోకాళ్లతో ఎక్కారని చెప్పుకుంటారు. ఇప్పుడూ కొందరు అలాగే పాకుతున్నారు. కొండ కింద, దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రిలో అరిగిన కీళ్లకు ఆపరేషన్లు చేస్తారు. కొత్త కీలు లోహం, ప్లాస్టిక్. నీటిని పట్టుకునే అణువు అందులో ఉండదు.

అవ్వ చివరి మెట్టుకు బొట్టు పెట్టి నడుం పట్టుకుని లేచింది. దిగేటప్పుడు మోకాలి మీద ఒత్తిడి ఇంకా ఎక్కువని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎక్కేది ఎట్నో ఎక్కేస్తా నాయినా. దిగేదానికి బస్సే."