వాన ఒక్కటే ఊరు ఖాళీ చేయించదు

రాయలసీమ వలసలకు పత్రికలూ పుస్తకాలూ ఒకే కారణం చెబుతూ వచ్చాయి: వాన లేదు, జనం పోయారు. ఈ వివరణ మరీ పలచనిది. కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో కోడుమూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు వదిలి వచ్చిన ఊళ్ల ఎండే కల్లూరులోనూ కాస్తుంది, వానా ఇంచుమించు అదే. వాతావరణం కోసమే కదిలితే ఆ కొద్ది దూరం వల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్లు వెతుక్కున్నది రోజూ దొరికే కూలి, పిల్లలకు బడి, అప్పుల వాళ్లు వాకిట్లో కూర్చోని బతుకు.

పాత చరిత్ర తెలిసిందే. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే నేటి సీమలో అధిక భాగాన్ని, ఈస్టిండియా కుంపినీకి అప్పగించాడు, కలెక్టరు థామస్ మన్రో శిస్తు నిర్ణయించాడు. 1839లో కర్నూలు నవాబు పాలన ముగిసింది. కరువులు అప్పుడూ ఉన్నాయి. వలసల వాదనకు ఆధారంగా అందరూ చూపేది మాత్రం 1876-78 నాటి ధాత కరువునే. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. ఈ అంకె చూసి ఊళ్లకు ఊళ్లు తరలిపోయాయని రాసేస్తారు. నిజానికి తరలిపోయిన వాళ్ల కంటే ఆకలితో, కలరాతో, జ్వరాలతో చనిపోయిన వాళ్లే ఎక్కువ. పైగా నేడు వలసలకు పేరుపడ్డ ఆదోని ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది; ఆ లెక్కలు దానికి వర్తించవు.

కదిలిన వాళ్లనైనా కదిలించింది ఆకాశం ఒక్కటేనా? మద్రాసు రైలు మార్గం 1871 నాటికే కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు చేరింది. గింజలు తేవడానికి దారి ఉంది. కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. 1877 జనవరిలో, కరువు పనుల తనిఖీకి సర్కారు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను గింజలు, అరణా స్థాయికి తగ్గించాడు. ఇంటికి దూరంగా ఉన్న శిబిరాలకు వచ్చిన వాళ్లకే పని ఇవ్వాలన్న షరతూ ఆయన పద్ధతిలో భాగమే. అంటే ఊరు విడవడాన్ని సర్కారే సాయానికి అర్హతగా పెట్టింది. ఆ నడకలో కొంత భాగమైనా ఈ ఉత్తర్వు ఖాతాలో వేయాలి.

ఇంకో సాక్ష్యం రంగూన్. వాన లేకపోవడమే వలసకు కారణమైతే బర్మా ఓడలు సీమ జనంతో నిండాలి. పందొమ్మిదో శతాబ్ది చివర అక్కడికి వెళ్లిన తెలుగు కూలీల్లో అత్యధికులు విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లు. కర్నూలు కంటే అక్కడ వాన చాలా ఎక్కువ. రేవులు దగ్గరుండటం, మేస్త్రీలు ముందుగా బయానా ఇచ్చి మనుషుల్ని కూర్చడం ఆ తేడాకు కారణాలు. దీనివల్ల కరువు పాత్ర కొట్టుకుపోదు; వాన కొరత ఒక్కటే వలస దారిని నిర్ణయించదని మాత్రం తేలుతుంది.

వాతావరణమే ముఖ్య కారణమని ఒప్పుకోదగిన వలసా ఒకటి ఉంది. గడ్డి ఎండగానే గొర్రెల కాపరులు కాలువల కింది పొలాలకు మందలు తోలుకుపోతారు, వానలు పడ్డాక తిరిగొస్తారు. అది ఇల్లు వదులుకోవడం కాదు, బతుకు తీరు.

కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నుంచి తుంగభద్ర కాలువల దాకా నీటి వాటా కథ అందరూ రాసిందే. దాని పక్కన రాయాల్సింది 1981: శ్రీశైలం జలాశయం కింద సుమారు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. కర్నూలు చరిత్రలో శాశ్వతంగా ఊరు విడిచిన పెద్ద గుంపుల్లో ఒకటి నీళ్లు నిలిపినందుకు కదిలింది.

నేటికీ కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు మిరప చేలకు పోతున్నాయి, పిల్లల్ని వెంటబెట్టుకొని. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ ఈ వలసను ఆపలేకపోయింది. మిరప కోతలో చేతికొచ్చే మొత్తంతో అప్పు కొంతైనా తీరుతుంది. ఊళ్లో దొరికే పనితో తీరదు. ఎండలు ముదిరి పగలంతా పొలంలో నిలబడలేని పరిస్థితి వస్తే నా వాదనను సవరించాల్సి రావచ్చు. ఆ భయం నాకూ ఉంది. అప్పటిదాకా వాతావరణాన్ని చాలిన కారణమని ఒప్పుకోవడం తప్పించుకోవడమే. వానను ఎవరూ నిలదీయలేరు. నీటి వాటా, అప్పు వడ్డీ, కూలి రేటు, సుగ్గి కాలంలో ఊళ్లో ఉండిపోయే పిల్లలకు వసతి, వీటికి జవాబు చెప్పాల్సిన వాళ్లున్నారు. సీమ వలసల చరిత్ర రాసేవాళ్లు మొదట అడగాల్సింది వాళ్లనే.