కుమార్తె మొక్కుబడి – తండ్రి అధికారం
యూద ధర్మశాస్త్రంపై ఒక పరిశీలన

మొక్కుబడి అనేది దాసుడు దైవానికి చేసే వాగ్దానం. దానిని మూడవ వ్యక్తి రద్దు చేయవచ్చునా? చేయవచ్చునంటుంది యూద ధర్మశాస్త్రం. తండ్రి కుమార్తె మొక్కును, భర్త భార్య మొక్కును రద్దుపరచవచ్చును. వీటిలో తండ్రి అధికారం పైకి హద్దులేనిదిగా తోస్తుంది. కాని ఆ అధికారానికి హద్దులు నిర్ణయించడంలోనే యూద ధర్మవేత్తలు ఎక్కువ శ్రమించారని చరిత్ర చెబుతున్నది.

ఈ నియమానికి మూలం సంఖ్యాకాండము 30వ అధ్యాయం. పురుషుడు మొక్కుకుంటే తీర్చవలసిందే. తండ్రి ఇంట నివసించే యువతి మొక్కుకున్నప్పుడు, తండ్రి విన్న దినముననే కాదంటే అది చెల్లదు. ఆమెకు దైవక్షమ లభిస్తుంది. అతడు మౌనం వహిస్తే మొక్కు స్థిరపడుతుంది. వితంతువు, విడాకులు పొందిన స్త్రీ చేసుకున్న మొక్కులు మాత్రం ఎవరి అనుమతీ లేకుండానే నిలుస్తాయి. అనగా స్త్రీ మాటకు విలువ లేదన్నది ఈ నియమానికి కారణం కాదు. ఆమె ఎవరి ఇంట, ఎవరి సంరక్షణలో ఉన్నదన్నదే ప్రధానం.

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నాలో మొక్కుబడులకు 'నెదారిమ్' అనే ప్రత్యేక భాగం ఉంది. విన్న దినమంటే ఇరవైనాలుగు గంటలు కాదనీ, ఆనాటి చీకటి పడేవరకేననీ అది స్పష్టం చేసింది. రాత్రి ఆరంభంలో వింటే మరుసటి సాయంత్రం వరకు గడువుంటుంది. సూర్యాస్తమయానికి కొద్దిగా ముందు వింటే కొన్ని నిమిషాలే. వయస్సుకూ హద్దు ఉంది. పన్నెండున్నరేళ్లు నిండి యుక్తవయస్కురాలైన కుమార్తె మొక్కుపై తండ్రికి అధికారం లేదు. కుమారుని మొక్కుపై అసలే లేదు.

వివాహబంధం ఏర్పడినా ఇంకా అత్తవారింటికి వెళ్లని యువతి స్థితి నికాహ్ జరిగి రుఖ్సతీ కాని వధువును పోలినది. ఆమె మొక్కును తండ్రి, భర్త ఇద్దరూ కలిసి రద్దు చేయాలి. ఒక్కరి మాట చాలదు. కుమార్తెను సాగనంపే ముందు, తన ఇంట ఆమె చేసుకున్న మొక్కులన్నీ రద్దని ప్రకటించడం పండితుల ఆచారంగా ఉండేది. తెలియక మిగిలిపోయిన మొక్కు కొత్త కాపురానికి భారం కారాదన్నదే దాని ఉద్దేశమై ఉంటుంది.

కైరోలోని ప్రాచీన యూద ప్రార్థనాలయంలో లభించి 1910లో ప్రచురితమైన 'దమస్కు పత్రం' మరింత కఠినం. నిలుపవలసిన ప్రమాణమో, రద్దు చేయవలసినదో తెలియకుండా భర్త దానిని రద్దు చేయరాదనీ, తండ్రికీ ఇదే నియమమనీ అందులో ఉంది. ఇందుకు భిన్నంగా, సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో ఈజిప్టులో నివసించిన మూసా బిన్ మైమూన్ (మరణం 1204) తండ్రి అన్ని రకాల మొక్కులనూ రద్దు చేయవచ్చునన్నాడు. ఆత్మపీడనకు దారితీసే మొక్కులకే ఆ అధికారం పరిమితమని ఇతర పండితులు వాదించారు.

ఇస్లామీ ఫిఖహ్‌లో ఈ సమస్య వేరొక మార్గం పట్టింది. హనఫీ ధర్మవేత్తల దృష్టిలో బుద్ధి, యుక్తవయస్సు గల స్త్రీ చేసుకున్న నజర్ ఆమెపైనే విధి అవుతుంది. భర్త అనుమతి లేకుండా మొక్కుకున్న ఉపవాసాన్ని అతడు అప్పటికి ఆపించవచ్చునే గాని, ఆ రుణం తీరదు. జాఫరీ ఫిఖహ్‌లో మాత్రం సంతానం చేసిన ప్రమాణాన్ని తండ్రి రద్దు చేయవచ్చునన్న అభిప్రాయం ప్రసిద్ధం. అయితే అది కుమారునికీ వర్తిస్తుంది.

మరి తొందరపడి చేసిన మొక్కు భారమైతే? ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) సోదరి కాలినడకన కాబాకు వెళతానని మొక్కుకున్నది. నడవమనీ, వాహనం కూడా ఎక్కమనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. ప్రమాణభంగానికి దివ్య ఖుర్ఆన్ (5:89) పరిహారం నిర్ణయించింది: పదిమంది పేదలకు అన్నం పెట్టడం, లేదా వస్త్రాలివ్వడం, లేదా బానిసను విడిపించడం, శక్తి లేకుంటే మూడు రోజుల ఉపవాసం.

రెండు ధర్మశాస్త్రాలనూ కలవరపెట్టిన ప్రశ్న ఒక్కటే: ఆవేశంలో పలికిన మాట నుండి మనిషిని కాపాడేదెలా? ఒకటి ఆ బాధ్యతను ఒక్క దినం గడువుతో తండ్రికి అప్పగించింది. మరొకటి పరిహారమార్గాన్ని మాట ఇచ్చిన వ్యక్తి చేతికే ఇచ్చింది. తండ్రి అధికారాన్ని మాత్రమే చూసి, దానికి గీసిన హద్దులను విస్మరిస్తే ఆ చరిత్ర సగమే తెలిసినట్లు.