బొగ్గుపులుసు వాయువు, మిరప ఎరుపు

కార్బన్ డయాక్సైడ్‌కు మన పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని పేరు. తెలంగాణలోని పినపాక పక్కనే మణుగూరులో సింగరేణి బొగ్గు గనులున్నాయి. గోదావరి ఒడ్డున మిరప చేలు, అడవిలో ఉసిరి చెట్లు ఉన్నాయి. ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలు మిరపలోనూ ఉన్నాయి, ఉసిరిలోనూ ఉన్నాయి. అయితే ఈ వాయువుతో బయటికి తీయగలిగేవి అన్నీ కావు.

1869లో బెల్‌ఫాస్ట్‌ ఆచార్యుడు థామస్ ఆండ్రూస్ ఒక హద్దును వివరించాడు. సుమారు 31 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎంత అదిమినా ఈ వాయువు ద్రవం కాదు. పినపాక ఎండాకాలం ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. ఆ వేడిమిపైన, వాతావరణ పీడనానికి 73 రెట్లు మించి ఒత్తిడి పెడితే, అది వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా కరిగించుకుంటుంది. పదేళ్ల తర్వాత, 1879లో, హానే, హోగార్త్ అనే శాస్త్రవేత్తలు అలాంటి స్థితిలోని ఆల్కహాల్‌లో లవణాలు కరుగుతాయని చూపారు. ఆ విద్య ఆహారం దాకా రావడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. 1960లలో కర్ట్ జోసెల్ తడి కాఫీ గింజల్లోంచి కెఫీన్‌ను ఈ బొగ్గుపులుసు వాయువుతో లాగాడు. ఆయన పనిచేసింది జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో, బొగ్గు పరిశోధన సంస్థలో!

మిరప రసాయనశాస్త్రం హంగరీలో పెరిగింది. అక్కడ 1927లో జెక్‌మైస్టర్, చోల్నోకీ ఎర్రరంగు పదార్థం క్యాప్సాంథిన్‌ను వేరుచేశారు. 1930లలో శాస్త్రవేత్త సెంట్-గ్యోర్గి అక్కడి మిరప నుంచే విటమిన్ సి రాబట్టాడు. 1937లో నోబెల్ అందుకున్నాడు. రెండూ ఒకే కాయలో ఉన్నా, నూనెలో కలిసే క్యాప్సాంథిన్ ఈ వాయువు వెంట వస్తుంది. నీటిలో కరిగే విటమిన్ సి పిప్పిలోనే మిగులుతుంది. తక్కువ ఒత్తిడిలో ఘాటు ముందు వస్తుంది, రంగుకు ఎక్కువ ఒత్తిడి కావాలి. అందుకే ఖమ్మం ప్రాంతపు తేజ మిరప నుంచి కూడా ఘాటును, రంగును వేర్వేరుగా తీయవచ్చు. ఒత్తిడి తగ్గించగానే వాయువు ఎగిరిపోతుంది. హెక్సేన్ వాడినప్పటిలా ద్రావకపు అవశేషం మిగలదు.

ఉసిరి సంగతి వేరు. దాని బలం చాలావరకు వగరులో, అంటే టానిన్లలో ఉంది. వాటిని ఈ వాయువు ఒంటరిగా కదిలించలేదు. కాస్త ఆల్కహాల్ తోడు కలిపినా రాబడి పరిమితమే. వాటికి నీరే తగినది. మిరప ఎరుపును పట్టడానికి ఉక్కు పాత్ర, పంపు, భారీ ఒత్తిడి కావాలి. ఉసిరి వగరుకు కషాయం కాచే కుండ చాలు.