ముడి వేగం, మైలు దూరం

ఓడ వెనుక అంచున ముగ్గురు నావికులు నిలబడేవారు. ఒకడు తాడు చుట్టిన కండెను ఎత్తి పట్టుకునేవాడు. ఇంకొకడి చేతిలో ఇసుక గడియారం. మూడోవాడు అంచుకు సీసం బిగించిన చెక్కపలకను నీళ్లలోకి విసిరేవాడు. పలక నిటారుగా తేలి ఇంచుమించు అక్కడే నిలిచిపోయేది, ఓడ సాగేకొద్దీ తాడు విప్పుకునేది. ఇసుక రాలేలోగా తాటి మీది ముడులు ఎన్ని చేతిలోంచి జారితే ఓడ వేగం అన్ని నాట్లు. నాట్ అంటే ముడే. ఆ పలక పేరు లాగ్. ఓడల్లో లెక్కలు రాసే లాగ్‌బుక్‌కు పేరు దాన్నుంచే వచ్చింది.

నాటికల్ మైలు పుట్టింది తాటి మీద కాదు, భూగోళం మీద. ఒక డిగ్రీ అక్షాంశాన్ని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మైలు. ధ్రువనక్షత్రం ఎత్తు కొలిచి, తన అక్షాంశం 2 డిగ్రీలు మారిందని తెలుసుకున్న నావికుడు ఉత్తరానికో దక్షిణానికో 120 మైళ్లు వచ్చినట్టే. ఎంత చక్కని ఏర్పాటు!

చిక్కల్లా భూమి కొలత దగ్గరే వచ్చింది. పూర్వపు ఇంగ్లిష్ నావికులు మైలును 5,000 అడుగులుగా ఎంచి, 30 సెకన్ల గడియారానికి 42 అడుగులకో ముడి వేసేవారు. 1635లో రిచర్డ్ నార్‌వుడ్ లండన్ నుంచి యార్క్ దాకా నేల కొలిచి, మైలు 6,120 అడుగులని తేల్చాడు. ఆ లెక్కన ముడుల మధ్య ఎడం పెరగాలి. అయినా చాలామంది దగ్గరి ముడులు వదల్లేదు. ముడులు దగ్గరైతే వేగం ఎక్కువగా తేలుతుంది, తీరం ఇంకా దూరంగా ఉండగానే నావికుడు జాగ్రత్తపడతాడు. ప్రాణభయం ఉన్నవాళ్ల లెక్క అది, తప్పుపట్టలేం. తరువాత 28 సెకన్ల గడియారానికి 47 అడుగుల 3 అంగుళాల ఎడం స్థిరపడింది.

1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం నాటికల్ మైలును 1,852 మీటర్లుగా ఖాయం చేసింది. అమెరికా 1954లో, బ్రిటన్ 1970లో దాన్ని స్వీకరించాయి. మన ప్రాదేశిక జలాలు తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు.

నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. కాలం ఆ మాటలోనే ఉంది. అందుకే ‘ఓడ 20 నాట్ల దూరంలో ఉంది’ అనడం ఎంత తప్పో, ‘గంటకు 20 నాట్లు’ అనడమూ అంతే తప్పు. బంగాళాఖాతంలో గాలులు 34 నాట్లకు చేరితే వాతావరణ శాఖ దాన్ని తుపానుగా ప్రకటిస్తుంది. ఆ వార్త రాసేవారు ‘34 నాట్లు’ అనాలి, లేదా ‘గంటకు 63 కిలోమీటర్లు’ అనాలి. వేటకు వెళ్లే మత్స్యకారుల కోసమైతే రెండోదే మేలు.