లాకీషు ఎడ్లబండి

ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా మనమందరం వారిని బ్రిటిష్ మ్యూజియంకు తీసుకువెడతాము. అమరావతి శిల్పాలు చూపిస్తాము, అవి ఇంతదూరం చేరినందుకు కాసేపు బాధపడతాము, కాఫీ తాగి ఇల్లు చేరతాము. ఈసారి గుంటూరునుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం, "బైబిల్లోని రాజులవి ఏమైనా ఉన్నాయా, నాయనా?" అని అడిగారు. ఆవిడ పుణ్యమా అని మేము అంతవరకు తొంగిచూడని అష్షూరు గదుల్లోకి వెళ్ళాము.

అక్కడ ఒక గది గోడలనిండా ఒకే యుద్ధం. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా దేశంలోని లాకీషు పట్టణాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. ఆ విజయాన్ని నీనెవెలోని తన రాజభవనంలో రాతి పలకలమీద చెక్కించుకున్నాడు. లేయార్డ్ అనే ఆంగ్లేయుడు వాటిని తవ్వి తీయించాడు. కోటగోడ మీదికి ఏటవాలుగా వేసిన దారి, దానిమీద గోడను పొడిచే యంత్రాలు. కోటలోనివారు మండే కాగడాలు విసురుతుంటే, యంత్రం అంటుకోకుండా ఒక సైనికుడు పొడవాటి గరిటెతో నీళ్ళు పోస్తున్నాడు. ఆ దారి శిల్పి కల్పన కాదు. ఇరవయ్యో శతాబ్దంలో లాకీషు దిబ్బను తవ్వినప్పుడు అది నిజంగానే బయటపడింది.

పై అంతస్తులో అదే రాజుది ఆరు ముఖాల మట్టి స్తంభం ఉన్నది. ఎత్తు సుమారు 15 అంగుళాలే గాని గొప్పలు చాలా ఉన్నాయి. 46 కోటలు పట్టాడట, 2,00,150 మందిని తరలించాడట, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలోని పిట్టలా బంధించాడట. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు.

దేవదూత ఒక్క రాత్రిలో అష్షూరు దండులో 1,85,000 మందిని హతం చేశాడని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. పెద్దావిడకు ఆ స్తంభపు మౌనమే సాక్ష్యం. రాజధానే చిక్కి ఉంటే గోడలకు లాకీషు ఎందుకు ఎక్కుతుందని మాకూ అనిపించింది. అయితే దండు ఎందుకు మరలిందో ఆ మట్టి చెప్పదు. కప్పం సంగతిలో బంగారం ఇద్దరికీ 30 తలాంతులే. వెండి మాత్రం గ్రంథంలో 300, స్తంభంమీద 800! హిజ్కియా ఆలయ తలుపుల బంగారం ఒలిచి ఇచ్చాడన్న తలవంపుల మాటను గ్రంథం దాచలేదు. అది మాకు నచ్చింది.

కాని లాకీషు జనం మాటేమిటి? రాజుల గ్రంథంలోని ఈ యుద్ధ కథలో ఆ ఊరు శత్రువు విడిదిగా మాత్రమే కనబడుతుంది. అది ఎలా కూలిందో, జనం ఏమయ్యారో అక్కడ లేదు. వారి గతి శత్రువు గోడమీదే మిగిలింది. కొందరిని కొరత వేశారు. మిగిలినవారు మూటలు మోస్తూ నడుస్తున్నారు. సామాను వేసిన ఎడ్లబండిమీద ఆడవారు, పిల్లలు.

పెద్దావిడ అక్కడే ఆగిపోయారు. "ఎద్దుల డొక్కలు చూడండి, పాపం" అన్నారు. ఆ పక్క పలకమీద సింహాసనంలో ఉన్న రాజు ముఖాన్ని ఎవరో చెక్కేశారు. క్రీ.పూ. 612లో నీనెవె కూలినప్పటి పని అయి ఉండవచ్చునని పండితుల ఊహ. మేము దాన్ని చూపిస్తే, ఆవిడ ఒక్కసారి చూసి మళ్ళీ బండి దగ్గరకే వెళ్ళారు. ఆ రోజు అమరావతికి వేళ చాలలేదు.