భిలాయి మైదానంలో చరణ్‌దాస్ చోర్: ఉచిత ప్రవేశం ఒక్కటే చాలా?

నాటకరంగంపై ప్రశ్న వస్తే "ఉచిత టికెట్లు ఇస్తే కొత్త ప్రేక్షకులు వస్తారు" అని రాసేస్తుంటాం. భిలాయి చరిత్ర చూస్తే అది సగం జవాబే.

సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌ను స్థాపించిందీ ఆ ఏడాదే. 1970ల నడుమ ఆయన భిలాయిలో నాచా కళాకారులతో వర్క్‌షాపు నడిపి, విజయ్‌దాన్ దేథా రాసిన రాజస్థానీ కథను నాటకంగా మలిచారు. అబద్ధమాడనని గురువుకు మాటిచ్చిన దొంగ, ఆ మాట కోసమే ప్రాణం పోగొట్టుకుంటాడు. తొలి రూపాన్ని ఆరుబయట మైదానంలో సత్నామీల ముందు ఆడారు.

నాచాకు గేటు, టికెట్ అలవాటు లేదు. మన వీధి భాగవతం లాగే, పిలిచినవాళ్లే ఖర్చు భరిస్తారు. అయితే జనాన్ని కట్టిపడేసింది ఉచితం కాదు. సత్యమే దేవుడన్న గురు ఘాసీదాస్ బోధను నమ్మిన సమాజం అది, అందులో అధికులు దళితులు. వేదికపై వినబడింది వాళ్ల ఛత్తీస్‌గఢీ, వాళ్ల పంథీ పాట. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథతో పల్లెలకు వెళ్లిన దారీ ఇదే. అదే నాటకం 1982లో ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి గెలిచింది.

విధానపరంగా మరో మార్గమూ ఉంది, దీన్ని జవాబుల్లో ఎవరూ పెద్దగా రాయరు: టికెట్‌కు బదులు కళాకారుడికి జీతం. పాండవానీ గాయని తీజన్ బాయికి భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది.