నింపడం నేర్పిన బల్ల మీదికి వెనక్కి తీయడం వచ్చిన కథ

ఫ్రిజ్ మెకానిజం నేర్పే ఏ పాత వర్క్‌షాపులోనైనా ముందు కంటపడేది కోసిన కంప్రెసర్. నల్లటి డొప్పను రంపంతో కోసి, లోపలి పిస్టన్, వాల్వులు, మోటారు వైండింగు కనబడేలా రంగులు వేసి బల్ల మీద పెడతారు. సీలు వేసిన యంత్రం గుట్టు విప్పడానికి అంతకన్నా మంచి పాఠం లేదని నా నమ్మకం.

దాని పక్కనే ట్రైనర్ బోర్డు ఉంటుంది. కండెన్సర్, కాపిలరీ, ఇవాపొరేటర్‌లను నిలువు పలక మీద విడివిడిగా బిగించి, రెండు వైపులా గేజీలు పెడతారు. మాస్టారు వెనక ఒక స్విచ్ నొక్కి లోపం సృష్టిస్తే, ముందున్న కుర్రాడు గేజీ చూసి అదేమిటో చెప్పాలి. 1950లో దేశంలో వృత్తి శిక్షణ పథకం మొదలయ్యాక ఐటీఐల్లో తరాల తరబడి పిల్లలు వాక్యూమ్ తీయడం, లీకు పట్టడం, గ్యాస్ నింపడం నేర్చుకున్నారు. హాలైడ్ టార్చ్ మంట పచ్చబడితే లీకు దొరికినట్టే.

మరి లోపలున్న పాత గ్యాస్ సంగతి? నట్టు వదులు చేస్తే బయటికి పోయేది. ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వాడిన కాలంలో మెకానిక్‌కు లీకంటే ప్రాణభయం. 1930లో రసాయన శాస్త్రవేత్త థామస్ మిడ్‌గ్లీ కొత్త ఫ్రిజ్ గ్యాస్ ఆర్-12 పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పి చూపించాక ఆ భయం పోయింది. విషం కాదు, మండదు. ఇక దాన్ని పట్టుకునే పరికరం శిక్షణ బల్ల మీద ఎందుకుంటుంది?

ఓజోన్ పొరకు ఆర్-12 లాంటి గ్యాసులు చేటు చేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ హెచ్చరించారు. 1987లో ఓజోన్ పొరను కాపాడేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992 జులై నుంచి అమెరికాలో గ్యాస్ వదలడం నేరమైంది. అదే ఏడాది భారత్ ఒప్పందంలో చేరింది. తర్వాత స్విట్జర్లాండ్, జర్మనీల తోడ్పాటుతో నడిచిన కార్యక్రమాలు చిన్న మెకానిక్‌లకు రికవరీ, అంటే గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా వెనక్కి తీయడం, నేర్పాయి.

అలా బల్ల మీదికి రికవరీ మెషీన్, రెండు వాల్వుల సిలిండర్, తూకం వచ్చాయి. వీటిలో అసలు గురువు తూకమే అంటాను. సిలిండర్ 80 శాతం దాటి నింపకూడదు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తే పగిలిపోతుంది. ఆర్-22, ఆర్-134ఏ లాంటి వేర్వేరు గ్యాసులు ఒకే సిలిండర్‌లో కలిస్తే రెండూ పాడే. వంద గ్రాముల ఆర్-12 గాలిలో కలిస్తే, భూతాపం లెక్కలో సుమారు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఆ వంద గ్రాములు తూకం మీద కనబడినప్పుడే కుర్రాడి చెయ్యి నట్టు దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు ఫ్రిజ్‌లలో వస్తున్న ఐసోబ్యుటేన్, ప్రొపేన్ మండే గ్యాసులు. వాటికి నిప్పురవ్వ రాని పరికరాలు, మంటతో అతకకుండా నొక్కి బిగించే జాయింట్లు నేర్పాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. శిక్షణ కేంద్రంలో నేర్చుకున్న బరువైన మెషీన్‌ను స్కూటరు మీద తిరిగే మెకానిక్ ప్రతి ఇంటి మెట్లూ ఎక్కించలేడు. ఇంటి ఫ్రిజ్‌లోని కాస్త గ్యాస్ కోసం సైకిల్ పంపు లాంటి చేతి పంపు, గ్యాస్ పట్టే సంచీ తయారైంది అందుకే. వాటిని ప్రతి శిక్షణ బల్ల మీదా చూడాలని నా కోరిక.